నడిమి రోజులు

పండగకీ కొత్త సంవత్సరానికీ మధ్య
ఎవరివీ కాని రోజులు కొన్నుంటాయి మా దేశంలో.
మిగిలిన కూర వేడి చేసుకు తినే రోజులు,
చుట్టాలు విసుగెత్తే రోజులు.
అప్పుడు గుర్తొస్తుంది స్టెన్‌ఫోర్స్ జనానికి,
కాలవ గట్టున ఓ పాత ఇల్లుందని.

లాకు కాపలావాడి ఇల్లు. రెండు గదులు, ఓ పొయ్యి.
ఇరవయ్యెనిమిదో తేదీ పదకొండింటికి తలుపు తీస్తాం.
తాళంచెవి నా కోటు జేబులోనే ఉంటుంది.
ముప్పయ్యేళ్లు బస్సు నడిపిన చెయ్యి,
వేళ్లకి ఏదో ఒక తాళంచెవి తగలకపోతే తోచదు.

టూర్‌బ్యోర్న్ ఎర్ర మఫ్లర్ చుట్టుకుని చరిత్ర చెబుతాడు:
ఎన్ని పడవలు, ఎంత ఇనుము, ఎంత సుంకం.
అతని నోట్లోంచి అంకెలూ ఆవిరీ కలిసే వస్తాయి.
పిల్లలు ఆవిరినే చూస్తారు.

నిజం చెప్పాలంటే
శీతాకాలంలో ఇక్కడ చరిత్రేమీ జరగలేదు.
నవంబరుకల్లా కాలవ గడ్డకట్టేది,
మే దాకా ఒక్క పడవా రాదు.
అద్దాల పెట్టెలోని పద్దుల పుస్తకంలో
ఆ నెలలన్నీ ఖాళీ.
చరిత్ర సెలవులో ఉన్నప్పుడే
మనకీ సెలవులు దొరుకుతాయి, ఏం చేస్తాం,
ఖాళీ పేజీలే చూపిస్తాం.

ఖాళీ అంటే పూర్తిగా కాదు.
పద్దెనిమిది వందల అరవై ఎనిమిది జనవరి పేజీ మీద
ఎవరో పిల్ల రొట్టెల బొమ్మలు వేసింది,
కర్రకి గుచ్చి దూలానికి వేలాడదీసేవి,
గుండ్రంగా, మధ్యలో చిల్లుతో.
నలభై ఒకటి. లెక్కపెట్టాను.
అంతకు ముందు ఏడు పంట పోయింది,
పిండిలో చెట్టు బెరడు కలిపారు అని
టూర్‌బ్యోర్న్ గొంతు తగ్గిస్తాడు.
అప్పుడు అందరూ నా వైపు తిరుగుతారు.

నా పని అదే. బెరడు రొట్టె.
పైన్ చెట్టు లోపలి పొర వలిచి, ఎండబెట్టి, దంచి, జల్లించి.
మొదటి ఏడు పాతవాళ్లు చెప్పినట్టే చేశాను, సగానికి సగం.
ఒక్కరూ మింగలేదు. మంచులో ఉమ్మారు.
పిచ్చుకలు సైతం పొడిచి చూసి వదిలేశాయి.
మరుసటేడు మూడో వంతు. ఆ తర్వాత ఐదో వంతు.
ఇప్పుడు పేరుకి చిటికెడు, పైన కాస్త వెన్న.
"బాగానే ఉందే, పాపం వాళ్లు" అంటూ
చేతులు దులుపుకుని
అల్లం బిస్కెట్ల బల్ల వైపు నడుస్తారు.

ఈసారి వచ్చిన పద్నాలుగు మందిలో నవాల్ ఉంది.
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
మా అన్నకి దిండు సర్దేది ఆమే.
సెలవుల్లో చూసిన పాత చోటు గురించి
రాసుకు రమ్మన్నారట కొడుకుని స్కూల్లో.
వాడు పొయ్యిని ఫోటో తీస్తున్నాడు.
ఆమె ముక్క నోట్లో పెట్టుకుంది.
వెంటనే నమల్లేదు.
నాలుక మీదే ఉంచుకుని, దాన్నేదో అడుగుతున్నట్టు,
కిటికీలోంచి గడ్డకట్టిన లాకు వైపు చూసింది.

తర్వాత నా దగ్గరికొచ్చి
మా భాషలో మాటలు వెతుక్కుంటూ అంది:
"దీన్లో మంచి పిండి ఎక్కువుంది."

తప్పు పట్టినట్టు కాదు.
ఉప్పు చూసి చెప్పినట్టు.
ఏ ఊరు, ఎన్నాళ్ల ముట్టడి, దేన్ని ఉడకబెట్టుకున్నారు,
అడగాలనుకుని, వెన్న కత్తి తుడుస్తూ ఉండిపోయాను.
"గడ్డి మొదట్లో కొయ్యాలి," తనే అంది,
"కొసలు చేదు."
వంటింటి చిట్కా చెప్పే గొంతు.
ఫోన్ దించి కొడుకు తల్లిని చూశాడు.
వాడూ మొదటిసారి విన్నాడేమో.

మూడింటికే చీకటి. అందరూ వెళ్లారు.
తాళం వేసే ముందు, తియ్యకూడని అద్దాల పెట్టె తీసి
రొట్టెల్ని దగ్గరగా చూశాను.
ఇన్నాళ్లూ ఆట అనుకున్నాను.
చివరిదానికి చిల్లు లేదు.
పెన్సిల్ దాన్నంతా నింపేసింది,
కాగితం చిరిగేదాకా.

ఇంటికొచ్చి డబ్బా దించాను.
ఇంకా రెండు కేజీల బెరడు పొడి.
వచ్చే ఏడు సగానికి సగం. ఉమ్మితే ఉమ్మనీ.
నవాల్‌కి మాత్రం విడిగా ఒకటి కాల్చాలి,
మంచి పిండితో,
అంతా మంచి పిండితోనే.